నీలి కుళాయి

షార్జాకు వచ్చినంక మొదటి ఎండకాలం
నా బిడ్డ చెయ్యి కాలింది.
నీలి గుర్తున్న కుళాయి తిప్పింది పాపం,
నీలి అంటే చల్లన అని బడిల నేర్పిండ్రు.
మిద్దె మీద ట్యాంకు పొద్దంత ఉడికి
గొట్టంలకెల్లి కుతకుత దిగొచ్చింది.

"లోహితా, ఈ ఊర్ల జూన్ నుంచి సెప్టెంబర్ దాక
ఎర్రదే తిప్పాలె.
గీజర్ బంద్ పెట్టినం, చల్లటి నీళ్లు అండ్లనే ఉంటయ్."
ఏడేండ్ల పిల్ల. ఒక్కసారి చెప్పిన,
మళ్ల అడగలె.

చెప్పకుంటనే నేర్చుకున్నయి ఇంకెన్నో.

నహ్దాల ఒక్క ఫ్లాటును మూడు చీలికలు చేస్తే
అండ్ల నడిమి చీలిక మాది.
జిప్సం గోడ. అవుతల మలయాళీ నర్సులు,
రాత్రి డ్యూటీ చేసొచ్చి పగటీలి పండుతరు.
నవ్వినా మెల్లగ. తుమ్మినా మెల్లగ.
"మెల్లగ" అనేదే మా ఇంటిపేరైంది.
సుగుణకు ఏడుపొస్తే బాత్రూంల పోయి
ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఏస్తది.
నాకు కోపమొస్తే
పానాల సంచి ముంగటేసుకొని గ్రీజు తుడుస్త,
తుడిచినదాన్నే మళ్ల తుడుస్త.
ఏమైంది అంటే
ఏం లే.

మా నాయిన గూడ గంతే.
సిరిసిల్ల సాంచల చప్పుడుల
ఆయన అలిగిండో మామూలుగ ఉన్నడో
మాకు ఎర్కయ్యేది కాదు.
బుక్క ఎంతసేపు నములుతుండో చూసి
అవ్వ కండ్లతోని చెప్తుండె:
ఇయ్యాల జోలికి పోకుండ్రి.

లిఫ్టులు బాగుచేస్త నేను.
కరెంటు పోయి నడుమ ఇరుక్కున్నోళ్లను
బయటికి తియ్యాలె.
తలుపు సందుకు మూతి ఆనిచ్చి
పేరడుగుత, ఊరడుగుత,
గబ్రావో మత్, నేనిక్కడనే ఉన్న అంట.
పాకిస్తాన్ ముసలాయన ఒకరోజు
బయటికొచ్చి నా చెయ్యి విడువలె చాన సేపు.
గా మాటలన్ని లిఫ్టుల కాడనే అయిపోతయో ఏమో,
ఇంటికి తేలె ఎన్నడు.

మొన్న బేస్తారం.
లోహిత బడినుంచి వచ్చింది,
సంచి గోడకు ఆనిచ్చి పెట్టింది,
బాత్రూంల పోయి గొళ్లెం ఏసింది.
ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగింది.

సుగుణ నన్ను చూసింది. నేను సుగుణను చూసిన.
ఇద్దరికీ ఎర్కే ఆ చప్పుడు.

"ఏమైంది బిడ్డా?"
"ఏం లే."
అచ్చంగ నా గొంతు.
పాల పండ్లు గూడ ఊడని నోట్ల
మా నాయిన మాట.

చేతుల గ్రీజు గుడ్డ అట్లనే ఉంది.
కింద కూసున్న. తలుపు సందుకు మూతి ఆనిచ్చిన.
"లోపట ఎవలున్నరు?"
"నేనే."
"పేరు?"
"నీకు ఎర్కే గదా."
"పేరు చెప్పాలె, రూలు."
"లోహిత."
"ఏ అంతస్తుకాడ ఆగింది?"
ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంది.
"...రెండు."
"నీతోని ఇంకెవలున్నరు?"
"ఎవ్వల్లేరు డాడీ.
హనీన్ ఇంకో పిల్ల పక్కకు పోయి కూసుంది.
నా బెంచీల నేనొక్కదాన్నే."

ఏం గాదు తీయ్, అనాలనుకున్న.
నాలుక మీదిదాక వచ్చింది.
గది గాక ఇంకోటి బయటవడ్డది:
"నాకు గూడ బుగులైతుంది బిడ్డా.
మూడు నెలల సంది జీతం ఇస్తలేరు."

ఎనుక వంటకాడ గరిటె చప్పుడు ఆగింది.
సుగుణకు గూడ చెప్పలె నేను, గిప్పటిదాక.

లోపట ముక్కు చీదిన చప్పుడు. తర్వాత
"డాడీ, నీది ఏ అంతస్తుల ఆగింది?"

"ఎర్క లేదు బిడ్డా.
నంబరు లైటు పోయింది."

గోడకు అవుతలకెల్లి రెండుసార్లు కొట్టిండ్రు.
మెల్లగ అని
మాల ఎవ్వలం అనలె.